హోదా పెరిగింది, మనసు విరిగింది

 

గడచిన రంజాన్ చివరి రోజుల్లో మేము మహబూబాబాద్ దగ్గరి కురవికి వెళ్ళడం జరిగింది. తరావీహ్ ముగిసి, జనం ఇళ్ళకు వెళ్ళిపోయాక ఒక సోదరుడు మసీదు మెట్ల మీద మా కోసం ఆగి ఉన్నారు. వయసు నలభైకి దగ్గర. హైదరాబాదులో సాఫ్ట్ వేర్ ఉద్యోగం, పండుగకు సొంతూరు వచ్చారు. ఆయన చెప్పిన మాటలు ఆయన అనుమతితోనే రాస్తున్నాము. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాము. ఆయన పనిచేసే సంస్థ పేరు మేము అడగలేదు.

ఆయన తండ్రిగారిది బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం. మిర్చి, వరి వేసే ఆ ప్రాంతంలో ఎండాకాలం వస్తే కాలిపోయిన మోటార్లు వరుసగా వస్తూనే ఉంటాయి. కాలిన తీగ ఊడదీయడం, కొత్త రాగి తీగ చుట్లు లెక్కపెట్టి చుట్టడం, వార్నిష్ పట్టించి ఆరబెట్టడం, చివరికి కరెంటు ఇచ్చి చూడడం! ఈ సోదరుడు చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చొని చుట్లు లెక్కపెట్టేవారట. తర్వాత వరంగల్ లో ఇంజనీరింగ్ చదివి, పదకొండేళ్ళు ప్రోగ్రాములు రాసే పని చేశారు.

"ప్రోగ్రాం కూడా మా అబ్బా మోటారు లాంటిదే మౌలానా సాబ్! నడుస్తుంది, లేకపోతే నడవదు. దాని దగ్గర మొహమాటం లేదు. రాత్రి పన్నెండింటికి అది నడిచిందంటే ఎంత అలసటైనా తీరిపోయేది" అన్నారు.

మూడేళ్ళ క్రితం ఆయన్ను మేనేజరును చేశారు. కింద పద్దెనిమిది మంది. జీతం పెరిగింది. ఊళ్ళో అందరూ ముబారక్ చెప్పారు. కాని ఆ రోజు నుంచి తన చేతికి పని లేకుండా పోయిందని ఆయన బాధ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీటింగులు. ఒకరి తగవు తీర్చడం, ఇంకొకరికి సెలవివ్వడం, పైవారికి లెక్కలు చెప్పడం. "ఈ రోజు ఏం చేశావు అబ్బా అని నా బిడ్డ అడిగితే చెప్పడానికి ఒక్క వస్తువు ఉండదు" అన్నారు. నిద్ర పట్టడం లేదనీ, నమాజులో నిలబడినా మనసు నిలవడం లేదనీ చెప్పారు.

మేమేమన్నామో కూడా దాచకుండా రాయాలి. ఓర్పు వహించండి, కృతజ్ఞత చూపండి, ఈ ఉద్యోగం కోసం ఎందరు ఎదురుచూస్తున్నారో ఆలోచించండి అన్నాము. ఆయన తల ఊపి, సలాం చేసి వెళ్ళిపోయారు. మా మాట ఆయనకు చేరలేదని ఆ తల ఊపడంలోనే తెలిసింది. ఓర్పు గొప్ప గుణమే. అయితే ఎదుటివాని కష్టం పూర్తిగా వినకముందే ఓర్పును ఉపదేశించడం ఖతీబులమైన మాకు అలవాటైన సులువు. అల్లాహ్ మమ్మల్ని మన్నించుగాక!

ఆ రాత్రి మాకు హజ్రత్ దావూద్ (అలైహి) గుర్తుకు వచ్చారు. చేతి పనివాడు జనం మీద అధికారిగా మారడం ఈ కంప్యూటర్ల కాలంలో మొదలైంది కాదు. సబా సూరాలో అల్లాహ్ దావూద్ (అలైహి) కోసం ఇనుమును మెత్తన చేశానని, కవచాలు తయారు చేయమని, వాటి కడియాలను సరైన కొలతతో అమర్చమని ఆదేశించానని తెలిపాడు. ఒక ప్రవక్తకు వచ్చిన దైవాజ్ఞలో కొలత ప్రస్తావన ఉండటం చూడండి! మన వైండింగ్ షాపులోని ఉస్తాద్ తన శిష్యుడికి చెప్పే మాటా అదే కదా. దావూద్ (అలైహి) తన చేతి కష్టంతోనే తినేవారని, అంతకంటే మంచి భోజనం లేదని దైవప్రవక్త (సఅసం) తెలిపిన హదీసు బుఖారీలో ఉంది.

అదే దావూద్ (అలైహి)ను అల్లాహ్ రాజును చేశాడు, న్యాయమూర్తిని చేశాడు. సాద్ సూరాలో ఒక సంఘటన ఉంది. ఇద్దరు వాదులు గోడ దూకి ఆయన ఆరాధనా మందిరంలోకి వచ్చారు. తన సోదరునికి తొంభై తొమ్మిది గొర్రెలున్నాయని, తనకున్న ఒక్క గొర్రెనూ అతను అడుగుతున్నాడని వారిలో ఒకరు మొరపెట్టుకున్నారు. దావూద్ (అలైహి) వెంటనే అది అన్యాయమన్నారు. ఆ మరుక్షణమే అది తనకు పరీక్ష అని గ్రహించి, క్షమాపణ వేడుకొని సాష్టాంగపడ్డారు. (మన హనఫీ మస్లక్ లో ఈ ఆయత్ చదివినప్పుడు సజ్దా చేస్తాము, కాని ఆ సజ్దా వెనుకనున్న కథను తలచుకునేవారు తక్కువ.) రెండో పక్షం మాట వినకముందే తీర్పు పలకడమే ఆ పరీక్షలోని విషయమని కొందరు ముఫస్సిరులు వివరించారు. ఆ తర్వాతనే అల్లాహ్ ఆయన్ను భూమిపై ఖలీఫాగా చేశానని, మనుషుల మధ్య సత్యంతో తీర్పు చెప్పమని, మనోవాంఛను అనుసరించవద్దని హెచ్చరించాడు.

ఇనుప కడియం తన కొలత తానే చెబుతుంది. గొర్రెలవాడు అలా కాదు, అతనిది సగం మాటే. మిగతా సగం అడిగి తెలుసుకోవాలి. ఇనుముతో గెలిచిన మనిషికి ఈ రెండో పని ఎంత కష్టమో ఆ సజ్దాలో ఉంది.

ప్రవక్తలందరూ గొర్రెలు కాశారని, తానూ కొద్దిపాటి కూలికి మక్కావాసుల గొర్రెలు కాశానని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. గొర్రెల కాపరికి సాయంత్రం చేతిలో తయారైన వస్తువేదీ ఉండదు. పొద్దున తోలుకెళ్ళినవన్నీ తిరిగి దొడ్డికి చేరడమే ఆ రోజు పని. ఒకటి కుంటితే దాని కోసం మంద నడక తగ్గించాడా లేదా అన్నది ఆ పనిలోని నేర్పు. మీలో ప్రతి ఒక్కరూ కాపరేనని, తన మంద గురించి ప్రతి ఒక్కరూ ప్రశ్నించబడతారని హెచ్చరించిన హదీసు మనకందరికీ తెలుసు. బిడ్డ అడిగిన ప్రశ్నకు ఇదే జవాబని రేపు ఆ సోదరునితో చెప్పాలని అనుకున్నాము.

మర్నాడు తరావీహ్ తర్వాత ఆయన్ను మేమే ఆపాము. ఈ సంగతులన్నీ శ్రద్ధగా విన్నారు. విని చాలాసేపు ఊరకున్నారు. తర్వాత అసలు విషయం బయటికి వచ్చింది.

వారి సంస్థలో ఏడాదికోసారి మేనేజరు తన కింది వారందరికీ మార్కులు వేయాలట. అందరూ బాగా పనిచేసినా సరే, ఎవరో ఒకరిని అట్టడుగు వరుసలో చూపించి తీరాలి. దీన్ని బెల్ కర్వ్ అంటారట. ఈసారి నిజానికి వెనుకబడింది ఆయన మిత్రుడు, జుమాకు కలిసి వెళ్ళే మనిషి. తల్లి జబ్బుతో ఉండటం వల్ల ఆ ఏడాది అతని పని కుంటుపడింది. అతన్ని చివర చూపితే ఉద్యోగం పోతుంది. అందుకని ఈ సోదరుడు ఇంకో కుర్రవాణ్ణి చివర రాశారు. మన జిల్లాలోని ఒక తండా నుంచి వచ్చిన లంబాడీ అబ్బాయి. పని బాగా చేస్తాడు, మీటింగుల్లో నోరు విప్పడు. "వాడు అడగడని నాకు తెలుసు మౌలానా సాబ్. అందుకే వాడి పేరు రాశాను" అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మా ముఖం చూడలేదు.

సోదరులారా! నిద్ర పట్టకపోవడానికి కారణం ప్రోగ్రాములు రాయలేకపోవడం కాదని అప్పుడు మాకు అర్థమైంది. పని మీద విరక్తి అని ఆయన అనుకుంటున్నది, ఆయనలో ఇంకా బతికి ఉన్న అంతరాత్మ పెడుతున్న పోరు.

ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మ) తమ మఆరిఫుల్ ఖుర్ఆన్ లో మాయిదా సూరా ఎనిమిదో ఆయత్ వివరణలో మనందరినీ ఉలిక్కిపడేలా చేసే ఒక విషయం రాశారు. సాక్ష్యం అంటే కోర్టు బోనులో నిలబడి చెప్పేది మాత్రమే కాదు. పరీక్షలో విద్యార్థికి వేసే మార్కులు, ఒకరికి రాసిచ్చే యోగ్యతా పత్రం, ఎన్నికల్లో వేసే ఓటు కూడా షరీఅత్ దృష్టిలో షహాదత్ (సాక్ష్యం) కిందికే వస్తాయని వారు వివరించారు. మరి ఒక మనిషి ఏడాది శ్రమను తూచి మేనేజరు రాసే కాగితం ఏమవుతుంది? అది సాక్ష్యమే. తప్పని తెలిసి రాస్తే తప్పుడు సాక్ష్యం. దైవప్రవక్త (సఅసం) ఘోర పాపాల పట్టికలో షిర్క్ తో పాటు, తల్లిదండ్రుల పట్ల అవిధేయతతో పాటు చెప్పిన పాపం అది. ఆ మాట చెప్పేటప్పుడు ఆనుకొని కూర్చున్నవారు లేచి సర్దుకొని కూర్చున్నారని, దాన్ని పదే పదే చెప్పారని హదీసులో ఉంది.

'అతను స్నేహితుడు, తల్లి జబ్బుతో ఉంది, కరుణతో చేశాను' అని ఆయన అన్నారు. కరుణ నిజమే కావచ్చు. కాని పక్కవాడి జేబులోని డబ్బు తీసి బీదవానికిస్తే దానం అవుతుందా? కరుణ చూపదలిస్తే తన సమయం నుంచి చూపాలి, తన పరపతి నుంచి చూపాలి. మిత్రుని పరిస్థితిని ఉన్నదున్నట్టు పైవారికి రాసి, గడువు అడిగి ఉండవచ్చు. కష్టమైన దారి అది. తండా అబ్బాయి మౌనం సులువుగా దొరికింది.

నిసా సూరాలో 105వ ఆయత్ నుంచి సాగే కొన్ని ఆయతుల వెనుక తఫ్సీర్ గ్రంథాల్లో ప్రసిద్ధమైన ఒక ఉదంతం ఉంది. మదీనాలో ఒక కవచం దొంగిలించబడింది. దొంగ ముస్లిముగా చెప్పుకునే ఒక కుటుంబానికి చెందినవాడు. దొరికిపోతానని భయపడి నేరాన్ని ఒక యూదుని మీదికి నెట్టాడు. బంధువులందరూ అతని పక్షాన వాదించడానికి వచ్చారు. అప్పుడు అల్లాహ్ ఆ యూదుని నిర్దోషిత్వాన్ని వెల్లడిస్తూ ఆయతులు అవతరింపజేశాడు. ద్రోహుల తరఫున వాదించవద్దని ఆదేశించాడు. తాను చేసిన తప్పును అమాయకునిపై మోపేవాడు అపనిందను, స్పష్టమైన పాపాన్ని మోస్తాడని హెచ్చరించాడు. మనవాడు, పరాయివాడు అనే లెక్క అక్కడ చెల్లలేదు. ప్రళయం దాకా చదవబడే గ్రంథంలో ఒక యూదుని హక్కు నిలిచిపోయింది. మరి మన జిల్లా బిడ్డ హక్కు మాటేమిటి?

రంజాన్ లో మనమంతా ఉపవాసాలు, తరావీహ్, జకాత్ లెక్కల్లో ఉంటాము. దైవప్రవక్త (సఅసం) సహచరులను దివాలా తీసినవాడు ఎవడని అడిగి, తామే వివరించారు. నమాజులు, ఉపవాసాలు, జకాత్ తో వచ్చి, ఎవరినో తిట్టి, ఎవరి సొమ్మో తిని, ఎవరినో కొట్టి ఉన్నందున ఆ పుణ్యాలన్నీ బాధితులకు పంచివేయబడే వాడే అసలు దివాలాకోరు. ఈ హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. అల్లాహ్ తన హక్కులను తలచుకుంటే మన్నిస్తాడు. హుఖూఖుల్ ఇబాద్, అంటే దాసుల హక్కుల విషయంలో మాత్రం ఎవరికి అన్యాయం జరిగిందో ఆ మనిషి దగ్గరికే వెళ్ళాలి. ఇరవై ఏడో రాత్రి మసీదులో ఎంత ఏడ్చినా ఆ అబ్బాయికి తగ్గిన జీతం పెరగదు.

ఈ మాట చెప్పగానే ఆయన, "అయితే ఈ మేనేజరు పనే మానేస్తాను, తిరిగి ప్రోగ్రాములు రాసుకుంటాను. అది హలాల్, ఇది ఊబి" అన్నారు.

ఇక్కడ కొంచెం ఆగాలి. బాధ్యత వదులుకోవడం తప్పేమీ కాదు. హజ్రత్ అబూజర్ (రజి) పదవి అడిగినప్పుడు దైవప్రవక్త (సఅసం) ప్రేమతోనే ఆయన బలహీనులని, పదవి ఒక అమానతు అని, దాని హక్కు నెరవేర్చినవానికి తప్ప మిగతావారికి అది ప్రళయ దినాన అవమానం, పశ్చాత్తాపం అని తెలిపారు. అబూజర్ (రజి) ఈమాన్ లో తక్కువవారా? కానే కాదు. ఆ పని ఆయనది కాదు, అంతే. మన కంపెనీలు ఈ చిన్న విషయం మరచాయి. మంచి పనివాణ్ణి గౌరవించాలంటే అతని చేతిలోని పని లాక్కొని కుర్చీ ఇవ్వడం తప్ప మరో దారి లేదనుకుంటాయి. పాశ్చాత్య దేశాల్లోనూ ఇదే తంతు. లారెన్స్ పీటర్ అనే విద్యావేత్త 1969లో దీని మీద ఒక పుస్తకమే ప్రచురించారు. పని బాగా చేసినవాణ్ణి పైకి పంపుతూ పోతే, చివరికి తనకు చేతకాని చోట ఆగిపోతాడని అందులోని సారాంశం. కొన్ని సంస్థలు పనివాడు పనివాడిగానే ఎదిగే వేరే మెట్లు కట్టాయి. అలాంటి వీలుంటే అడగడంలో సిగ్గు పడనక్కరలేదు. హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి)ని సేనాధిపత్యం నుంచి హజ్రత్ ఉమర్ (రజి) తప్పించినప్పుడు, ఆయన హజ్రత్ అబూ ఉబైదా (రజి) కింద అదే ఖడ్గంతో పోరాడారు.

అయితే పారిపోవడం వేరు. మన ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఖాజీ పదవిని నిరాకరించి, ఖలీఫా మన్సూర్ చెరసాల పాలై, హిజ్రీ 150లో కన్నుమూశారు. ఆయన ప్రియ శిష్యుడు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) ఖాజీ పదవి స్వీకరించి, హారూన్ రషీద్ కాలంలో ఖాజీల మీద ఖాజీగా ఉన్నారు. ఇద్దరినీ మనం రహ్మతుల్లాహి అలైహి అనే అంటాము. హజ్రత్ అబూబక్ర్ (రజి) బట్టల వ్యాపారి. ఖలీఫా అయిన మర్నాడే బట్టల మూట భుజాన వేసుకొని బజారుకు బయలుదేరారు. దారిలో ఉమర్ (రజి), అబూ ఉబైదా (రజి) ఆపి, ఇప్పుడు మీరు ముస్లిముల వ్యవహారాలు చూడాలి కదా అని బైతుల్ మాల్ నుంచి భత్యం ఏర్పాటు చేశారు. ఇష్టమైన పని వదిలి జనం బరువు ఎత్తుకోవడం ఆయనకు మాత్రం సులువా? కాని ఆ మూట దించారు. ప్రాణం పోయేముందు తన దగ్గర మిగిలిన బైతుల్ మాల్ వస్తువులను తర్వాతి ఖలీఫాకు అప్పగించమని చెప్పి మరీ వెళ్ళారు.

మన గడ్డ మీదే చూడండి. 1877లో పుట్టిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీరు. నిజాం ప్రభుత్వంలో చీఫ్ ఇంజనీరు దాకా ఎదిగారు. అంత పెద్ద కుర్చీలో కూర్చున్నవారు స్వయంగా రాయి పేర్చలేదు. అయినా 1923 నుంచి 1931 దాకా మంజీరా మీద కట్టిన నిజాంసాగర్ ఆయన పేరుతోనే గుర్తుంది. జూలై 11న ఆయన జన్మదినాన్ని తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాము.

అందుచేత ఆ సోదరునితో మేమన్నది ఒక్కటే. "ఉద్యోగం మారే ఆలోచన తర్వాత, ఇస్తిఖారా చేసి, ఇంట్లో మషవరా చేసి తీసుకోండి భాయ్. ముందు ఆ కాగితం సరిచేయండి. అది సరిచేయకుండా కుర్చీ వదిలితే, బాకీ కట్టకుండా ఊరు మారినట్టే." ఆయన ఏమీ అనలేదు. పండుగ నమాజులో కనిపించి, ఆలింగనం చేసుకొని, ఆ సాయంత్రం బస్సుకే హైదరాబాద్ వెళ్ళిపోయారు.

బక్రీద్ కు రెండు రోజుల ముందు ఫోను చేశారు. పైవారి దగ్గరికి వెళ్ళి తాను వేసిన మార్కులు తప్పని చెప్పారట. లెక్కలు మూసేశాము, ఇక మార్చడం కుదరదన్నారు. అయినా లిఖితపూర్వకంగా రాసిచ్చారు. దాని వల్ల తన పేరు మీద కూడా ఒక మచ్చ పడింది. ఆ ఏడాది ఆ అబ్బాయికి రావలసిన పెంపు రాలేదు. కాని పంపించేయవలసిన వారి జాబితాలోంచి మాత్రం పేరు తీశారు. మిత్రునికీ విషయమంతా చెప్పారు. అతను నెల రోజులుగా మాట్లాడటం లేదు, జుమాకు వేరే మసీదుకు వెళ్తున్నాడు.

తర్వాత ఆ అబ్బాయిని క్యాంటీన్లో కూర్చోబెట్టుకొని జరిగింది జరిగినట్టు చెప్పారు. క్షమించమని అడిగారు. ఆ అబ్బాయి చాలాసేపు టీ గ్లాసు వైపే చూస్తూ ఉండి, "అన్నా, అమ్మానాన్నలకు ఫోన్ చేసి నేను పని సరిగా చెయ్యలేదని చెప్పిన. వాళ్ళకిప్పుడు ఏమని చెప్పాలె?" అని అడిగాడట.

"నా దగ్గర జవాబు లేదు మౌలానా సాబ్" అన్నారు. ఆ అబ్బాయి ఇంకా క్షమించానని అనలేదు. సెలవులకు కురవి వచ్చినప్పుడు తండాకు వెళ్ళి ఆ తల్లిదండ్రులతో తానే మాట్లాడదామని అనుకుంటున్నారు. వెళ్ళమన్నాము. వీలైతే మీ అబ్బాను వెంట తీసుకెళ్ళమని, ఆ చుట్టుపక్కల రైతులు ఆయన్ను మోటార్ల దగ్గరి నుంచి ఎరుగుదురని చెప్పాము.

మేనేజరు పని ఇంకా మానలేదు. వచ్చే ఏడాది ఫారం మళ్ళీ వస్తుంది, అప్పుడూ ఎవరో ఒకరిని కింద రాయమంటారు, అప్పటికి దుఆ చేయమన్నారు. చేస్తున్నాము. పాఠక సోదరులు కూడా చేయవలసిందిగా కోరుతున్నాము.